ప్రతివాది తరఫున ఎవరు?

పెస్సె ఇంకా వేదిక మీదే నిలబడి ఉంది.

పోయినవారం కథలో మనం ఆమెను వదిలి వచ్చేసరికి, మందిరంలో ఆడవాళ్లు కూర్చునే మేడ మెట్లు దబదబా దిగి, మగవాళ్ల బల్లల మధ్యనుంచి నడిచి, వేదికెక్కి, చదువుబల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. "నాకు న్యాయం జరిగేదాకా ఇక్కడ తోరాలోంచి ఒక్క అక్షరం చదవనివ్వను" అంది. మా యూదుల ఊరు వెర్బిన్‌లో అది ఎవరికైనా ఉన్న హక్కే. అన్యాయం జరిగినవాళ్లు, మరో దిక్కు లేనివాళ్లు, వారంలో పనులన్నీ మానే శబ్బత్ ఉదయం, మందిరంలో మా ధర్మగ్రంథం తోరా చదవడం ఆపి ఊరందరి ముందూ మొర పెట్టుకోవచ్చు. మాటిచ్చి సంబంధం వదులుకున్నాడని ఒకసారి, అన్నదమ్ములు వంటింటి మధ్యలో గోడ లేపారని ఒకసారి ఇలా చదువు ఆగడం మేము చూశాం. ఆడమనిషి దిగివచ్చి ఆపడం మాత్రం మా పెద్దలు కూడా ఎరగరు.

పెస్సె బాతు ఈకలతో దిళ్లు, పరుపులు కుట్టే మనిషి. ఊళ్లో సగం మంది ఆమె కుట్టిన దిండు మీదే నిద్రపోతారు, మిగతా సగం మంది ఆమె గొంతుకు నిద్ర లేస్తారు. ఆమె భర్త జెలిగ్ బద్ఖన్. పెళ్లిళ్లలో ముందు పెళ్లికూతురిని ఏడిపించి, ఆ తర్వాత పందిరంతా పొట్ట పట్టుకునేలా నవ్వించడం అతని వృత్తి. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా పెళ్లికొడుకు కంటే ముందు జెలిగ్ దొరుకుతాడో లేదో చూసుకునేవాళ్లు. వాళ్లకు ఒక్కతే కూతురు, మిరెల్. చలికాలంలో గొంతుజబ్బు మా ఊళ్లో గడప గడపా తిరిగి చాలామంది పిల్లల్ని పట్టుకుపోయింది. మిరెల్ కూడా పోయింది. ఆ పిల్లను మట్టి చేసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి జెలిగ్ నోరు విప్పలేదు. ప్రార్థనలో పెదాలు కదుపుతాడు, అంతే. ఎవరైనా పలకరిస్తే తలూపుతాడు. ఈ వసంతంలో మా ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నీ ఉప్పులేని సూపులా జరిగాయి.

సరే, ఇక మందిరంలోకి వద్దాం.

"ఫిర్యాదు ఎవరి మీదమ్మా?" అని అడిగాడు మా మతగురువూ న్యాయాధికారీ అయిన రబ్బీ అవిగ్దోర్. సన్నటి మనిషి, తెల్ల గడ్డం. ఏ మాటనైనా రెండుసార్లు లోపల తిప్పి చూసుకున్నాకే బయటికి వదులుతాడు.

పెస్సె చూపుడు వేలు పైకెత్తింది. మేమంతా ఆడవాళ్ల మేడ వైపు చూశాం. ఏ ఆడమనిషి మీదో కాబోలు అనుకున్నాం. మేడ మీది ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"అక్కడ కాదు. ఇంకా పైన" అంది పెస్సె.

ఒక్క క్షణం ఎవరికీ బోధపడలేదు. బోధపడ్డాక మందిరం తేనెపట్టు కదిపినట్టయింది. అందరికంటే ముందు లేచినవాడు రెబ్ కోపెల్. మందిరం పెద్ద, ఊరంతా గౌరవంగా 'రెబ్' అంటారు. ఊళ్లో ఏ తప్పు జరిగినా తనకే జరిగినంత కోపం తెచ్చుకునే మనిషి. అయితే ఆ పూట పేటికలోంచి తీసిన తోరా చుట్టను ఎత్తుకునే గౌరవం ఆయనకే దక్కింది. పసిబిడ్డను పొదువుకున్నట్టు రెండు చేతులా దాన్ని పొదువుకుని ఉన్నాడు. చేతులు ఊపకుండా కోపెల్ మాట్లాడటం మేము అదే మొదటిసారి చూడటం.

"దైవదూషణ! రబ్బీగారూ, మీరు వింటున్నారా? దించండి ఈవిణ్ణి! అసలు శబ్బత్ రోజు న్యాయస్థానం కూర్చోకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు!"

"అది నిజమే పెస్సె. శబ్బత్ రోజు వ్యాజ్యం వినకూడదు. రేపు రా తల్లీ, వింటాను" అన్నాడు రబ్బీ.

"రేపు ఆయనకి ఎక్కడ తీరుతుంది రబ్బీగారూ?" అంది పెస్సె. "రేపట్నుంచి ఆరు రోజులూ ఆయన పనిలో ఉంటాడు. వానలు కురిపించాలి, రాజుల్ని లేపాలి, దించాలి, పురుగుకీ పుట్రకీ తిండి పెట్టాలి. వారం మొత్తంలో ఆయన ఖాళీగా కూర్చునేది ఇవాళ ఒక్కరోజే కదా? ఇవాళ పట్టుకోకపోతే నాకు మళ్లీ దొరకడు."

వెనక బల్ల మీద మాలో ఎవరో కిసుక్కున నవ్వారు. రబ్బీ గడ్డం దువ్వుకున్నాడు. ఆ దువ్వుకోవడంలో పెదాల చివర ఏదో దాచుకున్నట్టు నాకు అనిపించింది.

"వ్యాజ్యం వినకూడదు" అన్నాడు నెమ్మదిగా. "కానీ బాధలో ఉన్న మనిషి మాట్లాడుతుంటే వినకూడదని ఎక్కడా లేదు. కాబట్టి ఇది న్యాయస్థానం కాదు. మనం ఊరికే కూర్చున్నాం. పెస్సె మాట్లాడుతుంది. చెప్పమ్మా."

"ఆగండాగండి!" కోపెల్ వదల్లేదు. "ప్రతివాదికి ముందుగా కబురు పంపాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. అది పద్ధతి. పంపావా?"

"పంపానా!" పెస్సె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "రెబ్ కోపెల్, నీ ఇల్లు మా ఇంటికి ఎంత దూరం?"

"ఏటి అవతల."

"చలికాలంలో నేను ఏడుస్తుంటే నీకు వినపడిందా లేదా?"

కోపెల్ నసిగాడు. "వినపడింది. తలుపులు మూసుకున్నా వినపడింది."

"తలుపులు మూసుకున్న నీకు వినపడింది. తలుపులే లేని ఆయనకి వినపడలేదంటావా? పొద్దునా పిలిచాను, సాయంత్రమూ పిలిచాను. ఈకలు ఏరుతూ పిలిచాను, దిళ్లు కుడుతూ పిలిచాను. ఇంకా కబురు అందలేదంటే ఆ తప్పు నాది కాదు."

"ప్రతివాదికి కబురు అందిందనే అనుకుందాం" అన్నాడు రబ్బీ. "ఇది ఆయన ఇల్లే కాబట్టి ఆయన హాజరైనట్టే. కానీ ఒక్క పక్షమే వినడం ధర్మం కాదు. ప్రతివాది తరఫున ఎవరైనా మాట్లాడాలి." చుట్టూ చూశాడు. "ఎవరు మాట్లాడతారు?"

 ప్రార్థన పుస్తకాల్లో తలలు దూరాయి.

"రెబ్ కోపెల్, ఆయన పరువు గురించి ఇప్పుడే అంత బాధపడ్డావు కదా. రా, పైకి రా. ఆయన తరఫున మాట్లాడు."

కోపెల్ ముఖంలో రంగు మారింది. "నేనా? అంటే... నా చేతుల్లో తోరా ఉంది కదండీ. ఇంకో సంగతి, బేకరీ పొయ్యిలో అందరి చోలెంతూ ఉంది. శబ్బత్ వంట, నిన్న పొద్దుగూకకముందు పెట్టిన కుండలు. ఇలాగే పోతే చిక్కుళ్లూ బార్లీ కలిసి ఇటుకలవుతాయి. ఆ సంగతి చూడాలి కదా ఎవరో ఒకరు..." అంటూ మెల్లగా కూర్చున్నాడు. కోపెల్ మనవడు కూడా ఆ చలికాలంలోనే పోయాడు. ఆ మాట ఎవరూ అనలేదు గానీ, తోరా చుట్టకు గడ్డం ఆనించి ఆయన తల దించుకున్న తీరు చూస్తే మళ్లీ అడగబుద్ధి కాలేదు.

"ముందు ఫిర్యాదు వింటాను" అన్నాడు రబ్బీ.

పెస్సె తలగుడ్డ సర్దుకుంది. అప్పటిదాకా బజారులో బేరమాడినట్టున్న గొంతు ఇప్పుడు తగ్గింది. వెనక ఉన్న మేము ముందుకు వంగాల్సి వచ్చింది.

"నా బిడ్డని తిరిగిమ్మని అడగడానికి రాలేదు రబ్బీగారూ. నాకు మతి పోలేదు. పోయినవాళ్లు రారు. నేనడిగేది ఒక్కటే. ఎందుకు? నేను దిండులో ఈకలు తక్కువేశానా? మాసిన ఈక కలిపానా? శబ్బత్ దీపం ఎప్పుడైనా ఆలస్యంగా వెలిగించానా? సరే, నాలో తప్పుంది అనుకుందాం. నోరెక్కువ అంటారు, ఒప్పుకుంటాను. అయితే నన్ను కొట్టాలి. పన్నెండేళ్ల పిల్లనా కొట్టేది? బజార్లో సారా తాగి వచ్చిన బండివాడు కూడా తనకి అడ్డమొచ్చిన మనిషినే కొడతాడు. పక్కన నిలబడ్డ పిల్లని కొట్టడు. మరి ఆయన?"



"ఇక రెండో ఫిర్యాదు" అంది. "పిల్లని తీసుకుపోయాడు. సరే. మొగుణ్ణి కూడా ఎందుకు తీసుకుపోయాడు? అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చున్నాడు చూడండి. కూర్చున్నాడు అంటే అంతే, కూర్చున్నాడు. మా ఇంట్లో ఏ కొత్త హాస్యం కట్టినా ఈయన ముందు మిరెల్‌కి చెప్పేవాడు. అది నవ్వితే పెళ్లికి వెళ్లేది. అది ముక్కు చిట్లిస్తే పొయ్యిలోకి వెళ్లేది. 'నాన్నా, ఇది పోయిన పెళ్లిలో చెప్పిందే, టోపీ మార్చి తెచ్చావు' అనేది. నేను పక్కగదిలో ఈకలు ఏరుతూ ఇద్దరినీ తిట్టేదాన్ని, నవ్వితే ఈకలు ఎగిరిపోతాయని. ఇప్పుడు ఒక్క ఈక కూడా ఎగరదు మా ఇంట్లో. సూపులో ఉప్పు సరిపోయిందా అంటే తలూపుతాడు. ఉప్పు వెయ్యకుండా పెట్టి చూశాను. దానికీ తలూపాడు! అలాంటి మనిషితో ఎలా బతకాలి రబ్బీగారూ? నేను ఇద్దరి మాటలూ ఒక్కదాన్నే మాట్లాడుతున్నాను. ప్రశ్నా నాదే, జవాబూ నాదే, పోట్లాటలో రెండు పక్షాలూ నావే. గెలిచినా ఏం సుఖం?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తే ముఖం ఎటు తిప్పాలో తెలియదు. మందిరంలో అందరం అదే అవస్థలో ఉన్నాం.

 రబ్బీ మళ్లీ అదే అడిగాడు. "ప్రతివాది తరఫున ఎవరైనా ఉన్నారా?"

రబ్బీ బల్లల వరసలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"ఎవరూ లేరా? ఇన్నేళ్లుగా రోజుకు మూడుసార్లు ఆయన్ని పొగుడుతున్నాం. ఒక్కరు కూడా ఆయన కోసం లేవరా?"

అప్పుడు స్తంభం పక్కన బల్ల కిర్రుమంది.

జెలిగ్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. తుప్పు పట్టిన తాళంలో చెవి తిప్పినట్టు వచ్చింది ఆ చప్పుడు. మళ్లీ సవరించుకున్నాడు.

"నేను మాట్లాడతాను" అన్నాడు.

మేడ మీద ఎవరో కెవ్వుమన్నారు. కోపెల్ చేతుల్లోని తోరా ఊగింది. పక్కవాళ్లిద్దరూ చెయ్యేసి పట్టుకున్నారు. పెస్సె చదువుబల్ల వదిలి వేదిక అంచుకి వచ్చింది. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలుతున్నాయి. నోట్లోంచి వచ్చినవి మాత్రం వేరే.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! చలికాలం నుంచి 'ఉప్పు చాలిందా' అని అడుగుతుంటే నాకొక్క మాట చెప్పలేదు. ఇప్పుడు ఆయన కోసం నోరు పెగిలిందా? నా పక్షాన కాదు, ఆయన పక్షాన!"

"నీ పక్షాన నువ్వున్నావుగా పెస్సె" అన్నాడు జెలిగ్. "నువ్వొక్కదానివి పదిమంది పెట్టు. ఆయన పక్షాన ఎవరూ లేచేట్టు లేరు. పెళ్లిలో అయినా అంతే కదా, ఎవరి వైపు చుట్టాలు తక్కువుంటే నేను ఆ వైపు వెళ్లి కూర్చుంటాను."

అతను వేదిక దగ్గరికి నడిచి వచ్చాడు. చిక్కిపోయాడు మనిషి. ప్రార్థన శాలువా భుజం మీంచి జారిపోతోంది. వేదికెక్కలేదు. కింద, భార్యకు ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు జెలిగ్" అన్నాడు రబ్బీ. "ప్రతివాది ఏమంటాడు?"

"ఆయన ఏమంటాడో నాకేం తెలుసు రబ్బీగారూ? నాతో ఏమీ అనలేదు. నేను చూసింది చెప్తాను."  మాటలు ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో వెతికి తెచ్చుకుంటున్నట్టుంది. "నేను మాట్లాడటం లేదని అందరూ అనుకున్నారు. అబద్ధం. నేను ఒక్క క్షణం ఊరుకోలేదు. లోపల ఆయన్ని తిడుతూనే ఉన్నాను. లేచి తిట్టాను, కూర్చుని తిట్టాను. ప్రార్థనలో నా పెదాలు కదులుతుంటే మీరంతా భక్తి అనుకున్నారు. తిట్లు! పెళ్లిళ్లలో ఎంత మందిని ఆటపట్టించానో, ఎన్ని మాటలు కట్టానో, ఆ విద్యంతా ఆయన మీద ఖర్చు పెట్టాను. ప్రాసలతో సహా!"

"దైవదూ..." అనబోయాడు కోపెల్. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

"మిరెల్ పోయినప్పుడు మీరంతా వచ్చారు" జెలిగ్ మా వైపు తిరిగాడు. "మంచివాళ్లు. ఆచారం ప్రకారం నేల మీద నా పక్కన కూర్చున్నారు, గుడ్లు తెచ్చారు, రొట్టెలు తెచ్చారు. తర్వాత లేచి ఎవరింటికి వాళ్లు వెళ్లారు. వెళ్లాలి కదా, మీ ఇళ్లలోనూ చావులే. కానీ ఆయన లేవలేదు. నేనెన్ని అన్నా లేచి వెళ్లలేదు. నా ఎదురుగా కూర్చుని వింటూనే ఉన్నాడు. జవాబు చెప్పాడా? లేదు. తప్పు చెయ్యలేదన్నాడా? అదీ లేదు. కానీ కూర్చున్నాడు. నేను చూసినంత వరకు, నేరం చేసి తప్పించుకోవాలనుకునేవాడు అలా కూర్చోడు రబ్బీగారూ. ఆయన తరఫున నేను చెప్పగలిగింది అంతే."

"అంతేనా?" అంది పెస్సె. "కూర్చోవడం ఒక పనా? నువ్వూ కూర్చున్నావు. కూర్చున్నవాళ్లని ఇద్దర్ని చూశాను నేను. ఒకడు పైన, ఒకడు పొయ్యి దగ్గర. సూపు పెట్టాల్సింది మాత్రం నేను!"

మందిరం నవ్వు ఆపుకోలేకపోయింది. జెలిగ్ కూడా తల వంచుకున్నాడు, కానీ భుజాలు కదిలాయి. పెస్సె అది చూసింది. ఆమె గొంతు మారింది.

"ఆయన్ని తిట్టావు సరే. నాతో ఎందుకు మాట్లాడలేదయ్యా?"

జెలిగ్ జారుతున్న శాలువాని భుజం మీదికి లాక్కున్నాడు.

"భయమేసింది పెస్సె. నోరు తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. తిట్టొస్తే పర్లేదు, ఏడుపొచ్చినా పర్లేదు. నవ్వులాట మాట వస్తే? నా నోటికి అలవాటు అదే కదా. ఒకరోజు నువ్వు ఉప్పులేని సూపు పెట్టావు చూడు. తిన్నాను, నాలిక చివరికి ఒక మాట వచ్చింది, మంచి మాట. మిరెల్ విని ఉంటే పడి పడి నవ్వేది. ఆ మాట వచ్చినందుకు నన్ను నేను చంపుకోవాలనిపించింది. బిడ్డ మట్టిలో ఉంటే తండ్రికి హాస్యం తడుతుందా? అందుకే నోరు కట్టేసుకున్నాను."

"ఏమిటా మాట?" అంది పెస్సె.

"ఇప్పుడెందుకు?"

"చెప్పు. దానికి చెప్పలేకపోయావు. నాకు చెప్పు."

"మన ఏట్లో నీళ్లకి సూపు అని పేరు పెడితే, చేపలన్నీ నిన్ను వంటమనిషిగా పెట్టుకుంటాయి అని."

పెస్సె ముక్కు చిట్లించింది. అచ్చం కూతురు చిట్లించినట్టే. "ఇది పెళ్లికి పనికిరాదు" అంది. తర్వాత వేదిక కటకటాలు పట్టుకుని, తలగుడ్డ ఊడిపోయేంతగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. జెలిగ్ మెట్లెక్కి ఆమె పక్కన నిలబడ్డాడు. అందరి ముందూ భార్య చెయ్యి పట్టుకోవడం మా దగ్గర లేదు. శాలువా కొసను ఆమె చేతికి అందించాడు. ఆమె దాంతో కళ్లు తుడుచుకుంది. 

రబ్బీ అవిగ్దోర్ కుర్చీలోంచి లేచాడు.

"శబ్బత్ రోజు తీర్పు లేదని ముందే చెప్పాను" అన్నాడు. "ఇది తీర్పు కాదు, నా మాట. ప్రతివాది దోషి అనే అధికారం నాకు లేదు. నిర్దోషి అనే ధైర్యం కూడా, ఈ చలికాలం తర్వాత, నాకు లేదు. పెస్సె అడిగిన 'ఎందుకు' అనే మాటకి నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఉందని చెప్తే ఆమెని మోసం చేసినట్టు. కాబట్టి ఫిర్యాదు కొట్టెయ్యను. అది తెరిచే ఉంటుంది. ఇంకో మాట. ఈ ఊళ్లో కష్టంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఆయన్ని నిలదీస్తే, నోరు మూసుకో అని చెప్పే హక్కు ఇకనుంచి ఎవరికీ లేదు. ఎవరికీ" అని కోపెల్ వైపు చూశాడు. "పెస్సె, చదువు సాగనిస్తావా?"

"రెండో ఫిర్యాదు తీరింది రబ్బీగారూ" అంది ముక్కు చీదుకుంటూ. "మొదటిది ఆయనతో నేను చూసుకుంటాను. సాగించండి."

"అమ్మయ్య!" అన్నాడు కోపెల్ లేస్తూ. "త్వరగా కానివ్వండి. మా ఇంటి చోలెంత్ ఈపాటికి బొగ్గయి ఉంటుంది. దానికెవరు జవాబుదారీ?"

"రెబ్ కోపెల్" జెలిగ్ గంభీరంగా వేలెత్తాడు. "నేనింకా ప్రతివాది తరఫునే ఉన్నాను. మీ ఇంటి వంట సంగతిలో మాత్రం ఆయన పూర్తిగా నిర్దోషి."

ఆ నవ్వు మీరు వినాల్సింది! చలికాలం నుంచీ బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి కట్ట తెగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మేడ మీదనుంచి కోపెల్ భార్య గొంతు ఖంగున మోగింది. "జెలిగ్, నువ్వు మూగగా ఉన్నప్పుడే బాగున్నావు!"

రబ్బీ కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. అది ఆనవాయితీ. జవాబు ఎవరూ ఆశించరు. తుమ్మితే చిరంజీవ అన్నట్టు, అంతే.

"ఇంకెవరికైనా ఫిర్యాదు ఉందా?"

కోపెల్ అప్పటికే తోరా చుట్టను బల్ల మీదికి దించబోతున్నాడు.

"నాకుంది" అని వినిపించింది.

మేడ మీద జాలీ తెర వెనక ఒకావిడ నిలబడి ఉంది. గిట్టెల్. రబ్బీగారి భార్య. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె గంజి వెళ్తుంది. కానీ ఆమె గొంతు ఎలా ఉంటుందో మాలో సగం మందికి తెలియదు. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. పెస్సెలా దబదబా కాదు, నిదానంగా. మగవాళ్లు తెలియకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చారు.

రబ్బీ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏం గిట్టెల్, నీకూ పైనున్నాయనతోనే పేచీనా?"

"లేదండి. ఆయనతో నేనెప్పుడో తేల్చుకున్నాను" అంది గిట్టెల్ వేదిక ముందు ఆగి. "నా ఫిర్యాదు మీ మీద."

 జెలిగ్ ఏదో అనబోయి మానుకున్నాడు.

"ఇందాక మీరు పెస్సెకి చెప్పారు, జవాబు ఏ పుస్తకంలోనూ లేదని. వినడానికి చాలా బాగుంది. ముప్పై ఏళ్ల కిందట మన ఇంట్లో, తలుపులేసుకుని, నేను ఇదే ప్రశ్న అడిగాను. అప్పుడు మీ దగ్గర జవాబుంది. 'నోరు మూసుకో, దేవుడి తీర్పుని ప్రశ్నించకూడదు' అన్నారు. మూసుకున్నాను. ఇవాళ పెస్సెకి ఇచ్చింది ఆ రోజు నాకెందుకివ్వలేదో నాకు కావాలి."

 రబ్బీ అవిగ్దోర్ మెల్లగా తన కుర్చీ వదిలి, మెట్లు దిగి, భార్యకు ఎదురుగా, ఇందాక జెలిగ్ నిలబడ్డ చోట నిలబడ్డాడు. న్యాయం చెప్పే చోటు ఖాళీ అయింది. రబ్బీ తరఫున మాట్లాడతానని ఎవరూ లేవలేదు.

"ముందు ఒక పేరు చెప్పాలి" అంది గిట్టెల్ మా అందరి వైపు తిరిగి. "ఈ ఊళ్లో మీరెవరూ ఎప్పుడూ వినని పేరు."

రబ్బీ ముఖం శాలువా కంటే తెల్లబడింది. "వద్దు గిట్టెల్" అన్నాడు. "ఇక్కడ వద్దు. ఆ మాట ఎత్తకు."

వేదిక మీదనుంచి పెస్సె వంగి చూసింది. గొంతులో కోపం లేదు. గుర్తు చేస్తున్నట్టు అంది, అంతే.

"రబ్బీగారూ, నోరు మూసుకో అనే హక్కు ఎవరికీ లేదని ఇప్పుడేగా చెప్పారు."

రబ్బీ తల దించుకున్నాడు. గిట్టెల్ ఊపిరి తీసుకుని, ముప్పై ఏళ్లుగా ఎవరూ పిలవని తన బిడ్డ పేరు చెప్పింది.